కాంప్లెక్స్ ఎరువు సమ్మేళనమా, మిశ్రమమా? బస్తా మీది అంకెలతో తేల్చవచ్చా?

పట్నంబజారు ఎరువులు (గుంటూరు)

సభ్యులందరికీ నమస్కారం. మాది గుంటూరు పట్నంబజారులో ఎరువుల కొట్టు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి సమ్మేళనాలు, మిశ్రమాలు అన్న పాఠం చదువుతూ, మన కొట్టులో ఏ బస్తాలో సమ్మేళనం ఉంది, ఏ బస్తాలో మిశ్రమం ఉంది అని అడిగింది. యూరియా, డీఏపీ (డైఅమ్మోనియం ఫాస్ఫేటు), పొటాష్ (పొటాషియం క్లోరైడు) సమ్మేళనాలనీ, 17-17-17, 14-35-14, 28-28-0 (ఈ అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) వంటి కాంప్లెక్సులు మిశ్రమాలనీ చెప్పాను. అయితే కాంప్లెక్సులో ఏ గుళిక తీసుకున్నా పోషకాలు ఒకే పాళ్లలో ఉంటాయి కదా, గుళికను పగలగొట్టి చూసినా ఏది ఏదో విడిగా కనిపించదు కదా, అలాంటప్పుడు అది మిశ్రమం ఎలా అవుతుందన్నది ఆమె ప్రశ్న. పైగా 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కూడా కాంప్లెక్స్ ఎరువులను, ఎరువుల మిశ్రమాలను వేర్వేరుగా నిర్వచించింది. మిశ్రమం తయారుచేసి అమ్మాలంటే దానికి ప్రత్యేకంగా ధ్రువపత్రం తీసుకోవాలి. ప్రభుత్వం వేరు చేసిన వాటిని రసాయన శాస్త్రం కూడా వేరు చేస్తుందా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

బందరురోడ్డు లెక్చరర్ (విజయవాడ)

ముందుగా ఒక విషయం పక్కన పెట్టేద్దాం. కంటికి విడివిడిగా కనిపించడం, కనిపించకపోవడం అన్నదానితో ఈ ప్రశ్న తేలదు. ఉప్పునీటిలో ఉప్పు కనిపించదు, గాలిలో నత్రజని, ఆక్సిజన్, ఆర్గాన్ కనిపించవు. అయినా ఆ రెండూ మిశ్రమాలే, సజాతీయ మిశ్రమాలు. గాలి విషయంలో మంచి నిదర్శనం ఒకటుంది. మామూలు పొడి గాలిలో ఘనపరిమాణం ప్రకారం ఆక్సిజన్ 21 శాతం ఉంటుంది. అదే గాలి నీటిలో కరిగాక, ఆ నీటిని మరిగించి బయటకు వచ్చిన గాలిని కొలిస్తే అందులో ఆక్సిజన్ దాదాపు మూడో వంతు ఉంటుంది. నత్రజని కన్నా ఆక్సిజన్ నీటిలో ఎక్కువగా కరుగుతుంది కాబట్టి పాళ్లు అలా మారిపోయాయి. గాలి ఒక సమ్మేళనమే అయితే కరిగినంత మాత్రాన దాని పాళ్లు మారడం జరగదు.

ఇక ఉత్తర్వు సంగతి. తయారీలో రసాయన చర్య జరిగి, రెండు లేక అంతకన్న ఎక్కువ పోషకాలు ఉంటే అది కాంప్లెక్స్ ఎరువు అనీ, ఎరువులను భౌతికంగా కలిపితే అది మిశ్రమం అనీ దాని భావం. అది ఫ్యాక్టరీలో ఏం జరిగిందో చూసి చేసిన విభజన. చర్య ముగిశాక గుళికలో మిగిలినది ఒకే పదార్థమా, నాలుగు పదార్థాలా అన్నది చట్టం అడగదు, మనం అడుగుతాం. ఉదాహరణకు అమ్మోనియం నైట్రేటు ఉన్న ముద్దలో పొటాషియం క్లోరైడు కలిపి గుళికలు కట్టించినప్పుడు, అవి తమలో తాము అయాన్లు మార్చుకొని కొంత పొటాషియం నైట్రేటుగా, కొంత అమ్మోనియం క్లోరైడుగా మారతాయి. నిజమైన రసాయన చర్యే జరిగింది, చట్టం ప్రకారం అది కాంప్లెక్సే. కానీ గుళికలో ఉన్నది ఆ సమ్మేళనాలన్నింటి మిశ్రమం.

అరండల్‌పేట మాస్టారు (గుంటూరు)

లెక్చరర్ గారు చెప్పినదానికి కొనసాగింపుగా, అమ్మాయి కొట్టులో కూర్చునే కాగితం మీద చేసుకోగల లెక్క ఒకటి చెబుతాను. నేను బడిలో ఉన్న రోజుల్లో ఈ పాఠానికి ఇనుపరజను, గంధకం మాత్రమే చూపించేవాళ్లం. గుంటూరు పిల్లలకు ఎరువుల బస్తా అంతకన్న దగ్గరి వస్తువు.

సమ్మేళనానికి తన పాళ్లను ఎంచుకునే స్వేచ్ఛ లేదు. పరమాణు భారాలు ఎంత చెబితే అంతే. యూరియా అణుభారం 60, అందులో నత్రజని 28. అంటే నూటికి 46.7. బస్తా మీద 46 అని ఉంటుంది. ఎవరు ఏ దేశంలో చేసినా, ఏ కంపెనీ అమ్మినా శుద్ధమైన యూరియాలో నత్రజని 46.7 శాతాన్ని దాటదు. 50 శాతం నత్రజని ఉన్న యూరియా చేయించమని ఎవరూ ఆర్డరు ఇవ్వలేరు.

ఇప్పుడు పిచికారీకి, డ్రిప్పుకు అమ్మే నీటిలో కరిగే ఎరువుల సంచులు చూడండి. ఒక మాట గుర్తుంచుకోవాలి: సంచి మీది రెండో అంకె భాస్వరాన్ని ఫాస్ఫరస్ పెంటాక్సైడు లెక్కలోనూ, మూడో అంకె పొటాషియాన్ని దాని ఆక్సైడు లెక్కలోనూ చెబుతుంది. ఆ ఆక్సైడులు సంచిలో ఉండవు, అది పాతకాలపు లెక్క, ఇప్పటికీ ఎవరూ మార్చలేదు. 12-61-0 అంటే మోనో అమ్మోనియం ఫాస్ఫేటు. దాని అణుభారం 115. అందులో నత్రజని 14, అంటే 12.2 శాతం; భాస్వరం పెంటాక్సైడు లెక్కలో 71, అంటే 61.7 శాతం. సంచి మీది అంకెలు అణువు చెప్పిన అంకెలే. 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేటు, అణుభారం 136. లెక్క వేస్తే 52.2, 34.6 వస్తాయి. 13-0-45 అంటే పొటాషియం నైట్రేటు, మన సూరేకారం, లెక్కకు 13.9, 46.6 వస్తాయి. ఈ మూడు సంచుల్లోనూ ఉన్నది దాదాపు శుద్ధమైన సమ్మేళనం. ఆ అంకెలు అంత వంకరగా ఉండడానికి కారణమే అది, వాటిని ఏ మనిషీ నిర్ణయించలేదు.

పక్కనే ఉన్న 19-19-19 చూడండి. మూడూ సమానంగా, చూడముచ్చటగా ఉన్నాయి. అది మనిషి కూర్చిన అంకె. 17-17-17 కూడా అంతే. నగల దుకాణంలోని 916 కూడా ఆ జాతిదే. 24 పాళ్లలో 22 పాళ్లు బంగారం ఉండాలని మనం పెట్టుకున్నాం కనుక 91.6 అయింది, 18 పాళ్లు చాలనుకుంటే 750 అవుతుంది.

పేర్లు దగ్గరగా ఉండి లెక్క వేరయ్యే జంట ఒకటి చెప్పి ఆపుతాను. యూరియా ఫాస్ఫేటు అని 17-44-0 సంచి వస్తుంది. ఒక యూరియా అణువు, ఒక ఫాస్ఫారిక్ ఆమ్ల అణువు కలిసిన స్ఫటికం అది. భారం 158, లెక్కకు 17.7, 44.9. అది సమ్మేళనం. యూరియా అమ్మోనియం ఫాస్ఫేటు అనే 28-28-0 మాత్రం యూరియా ఒకవైపు, అమ్మోనియం ఫాస్ఫేట్లు ఒకవైపు ఉన్న గుళిక. అది మిశ్రమం.

పట్నంబజారు ఎరువులు (గుంటూరు)

మాస్టారూ, మీరు చెప్పిన పద్ధతిలో అమ్మాయి డీఏపీకి లెక్క వేసింది. అణుభారం 132, నత్రజని 28, అంటే 21.2 శాతం, భాస్వరం 53.8 శాతం వచ్చింది. బస్తా మీద మాత్రం 18-46 ఉంది. రెండు అంకెలూ తక్కువే. అంటే డీఏపీ కల్తీ అనుకోవాలా? ఈ ప్రశ్న ఇంట్లో అడిగితే ఫరవాలేదు గాని, కొట్టులో రైతుల ముందు అడిగితే నాకు ఇబ్బంది.

అరండల్‌పేట మాస్టారు (గుంటూరు)

కల్తీ కాదండీ, నిశ్చింతగా ఉండండి. ఎరువుల డీఏపీని రాతి ఫాస్ఫేటు నుంచి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తీసిన ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేస్తారు. ఆ రాతిలోని ఇనుము, అల్యూమినియం, మెగ్నీషియం కొంత ఆమ్లంలోకి వచ్చి, అమ్మోనియా తగిలాక వాటి ఫాస్ఫేట్లుగా గుళికలోనే ఉండిపోతాయి. అమ్మోనియా పూర్తిగా పట్టని చోట మోనో అమ్మోనియం ఫాస్ఫేటు ఉంటుంది. కొంచెం తేమ, కొంచెం పైపూత ఉంటాయి. ఇవన్నీ పోగా హామీ ఇవ్వగలిగినది 18-46. పొలానికి అది చాలు. ప్రయోగశాల డీఏపీ ధర రైతు భరించలేడు.

కాబట్టి మీరు అమ్మాయికి మొదట చెప్పిన జవాబులో డీఏపీని ఇవతలి గట్టుకు మార్చాలి. డైఅమ్మోనియం ఫాస్ఫేటు సమ్మేళనమే, బస్తాలో ఉన్న డీఏపీ మాత్రం దాన్ని ప్రధానంగా కలిగిన మిశ్రమం. పొటాష్ కూడా అంతే: శుద్ధమైన పొటాషియం క్లోరైడు లెక్కకు 63.2 వస్తే బస్తా 60 అంటుంది, మిగిలినదానిలో ఎక్కువ భాగం మనం తినే ఉప్పే. యూరియా ఒక్కటే నిలబడుతుంది, అది కూడా వేపనూనె పూతను మినహాయిస్తే.

ప్రత్తిపాడు మిర్చి

రైతు వైపు నుంచి ఒక లెక్క. కాంప్లెక్సు దొరకనప్పుడు మేం 14-35-14ను ఇంటి దగ్గరే కూర్చుకుంటాం. డీఏపీ 38 కిలోలు, పొటాష్ 11 కిలోల 700 గ్రాములు, యూరియా 300 గ్రాములు కలిపితే సరిగ్గా 50 కిలోలు అవుతుంది. నత్రజని డీఏపీ నుంచి 6.84, యూరియా నుంచి 0.14 కిలోలు, భాస్వరం 17.48, పొటాష్ 7.02. నూటికి లెక్క కడితే 13.96, 34.96, 14.04. బస్తా చెప్పే అంకెలకు వెంట్రుకవాసి తేడా. కావాలనుకుంటే పొటాష్ పెంచుకుంటాం, వద్దనుకుంటే తగ్గించుకుంటాం. చేతితో పాళ్లు మార్చుకోగలిగినదాన్ని మిశ్రమం అనక ఏమంటారు?

కానీ కంపెనీ గుళికకూ మా కలుపుడుకూ పనిలో తేడా ఉంది. మా కలుపుడులో ఎర్రటి పొటాష్ పలుకులు, తెల్లటి యూరియా పూసలు, బూడిదరంగు డీఏపీ గుళికలు కనిపిస్తూనే ఉంటాయి. ట్రాక్టరు మీద గతుకుల దారిన పొలానికి తీసుకెళ్లేసరికి సన్న పలుకులు సంచి అడుక్కు, లావు గుళికలు పైకి చేరతాయి. మొదటి సాళ్లకు ఒకటి, చివరి సాళ్లకు ఇంకొకటి పడుతుంది. మళ్లీ తిరగదిప్పి కలపాలి. కాంప్లెక్సుకు ఆ బెడద లేదు.

సందేహాలరావు (బెజవాడ)

మాస్టారి లెక్క ముచ్చటగా ఉంది గాని, దాన్ని అంత సులభంగా ఒప్పుకోలేను. నాకు మూడు అభ్యంతరాలున్నాయి.

7 గ్రాముల ఇనుపరజను, 4 గ్రాముల గంధకం కాగితం మీద పోసి కలిపానంటే అందులో ఇనుము 63.6 శాతం. వేడి చేసి చేసిన ఐరన్ సల్ఫైడులోనూ ఇనుము 63.6 శాతమే. అంకెలు ఒకటే, ఒకటి మిశ్రమం, రెండోది సమ్మేళనం. ఇక అంకెలు దేన్ని తేల్చినట్టు?

హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఎంత గాఢతతో మొదలుపెట్టి మరిగించినా, చివరకు 20.2 శాతం దగ్గర నిలిచి, 108.6 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ పాళ్లలోనే మరుగుతూ పోతుంది. స్పిరిటును ఎన్నిసార్లు స్వేదనం చేసినా బరువు ప్రకారం 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. స్థిరమైన పాళ్లు, స్థిరమైన మరిగే స్థానం, రెండూ ఉన్నాయి. వీటిని సమ్మేళనాలని ఎందుకు అనరు?

మూడోది దీనికి తలకిందులు. ఐరన్ మోనాక్సైడులో ఒక ఆక్సిజన్ పరమాణువుకు ఒక ఇనుప పరమాణువు ఉండాలని పుస్తకం చెబుతుంది. నిజానికి దొరికే స్ఫటికంలో ఇనుము ఎప్పుడూ కొంచెం తక్కువే, 0.95 దరిదాపుల్లో ఉంటుంది, తయారీని బట్టి మారుతుంది కూడా. పాళ్లు మారుతున్నాయి కనుక అది మిశ్రమం అందామా?

బందరురోడ్డు లెక్చరర్ (విజయవాడ)

మూడూ గట్టి ప్రశ్నలే. రెండు వందల ఏళ్ల కిందట ఇద్దరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు ప్రూస్ట్, బెర్తొలే వాదించుకున్నది అచ్చంగా ఈ విషయం మీదే. స్పెయిన్‌లో పనిచేస్తున్న ప్రూస్ట్, గనిలో దొరికిన రాగి కార్బొనేటునూ తాను ప్రయోగశాలలో చేసిన రాగి కార్బొనేటునూ విశ్లేషించి, రెండింటిలోనూ పాళ్లు ఒకటేనని 1799లో చూపాడు. పాళ్లు పరిస్థితులను బట్టి మారుతూ పోగలవని బెర్తొలే అన్నాడు; గాజును, మిశ్రమ లోహాలను, ద్రావణాలను సాక్ష్యంగా తెచ్చాడు. అవి సమ్మేళనాలే కావని ప్రూస్ట్ జవాబు. వినడానికి ఇది గుండ్రంగా తిరిగే వాదనలా ఉంటుంది: పాళ్లు స్థిరంగా ఉంటే సమ్మేళనం, సమ్మేళనమైతే పాళ్లు స్థిరం. 1808లో డాల్టన్ పరమాణు సిద్ధాంతాన్ని ప్రచురించాక గాని పాళ్లు ఎందుకు స్థిరమో చెప్పే కారణం దొరకలేదు. పరమాణువులు ముక్కలుగా కాక నిండుగా కలుస్తాయి కాబట్టి పాళ్లు స్థిరం.

ఇప్పుడు మొదటి అభ్యంతరం. అంకెలు కుదరకపోతే అది ఒకే సమ్మేళనం కాదని కచ్చితంగా చెప్పవచ్చు. అంకెలు కుదిరినంత మాత్రాన సమ్మేళనమని చెప్పలేం. మాస్టారి లెక్క జల్లెడ వంటిది, రాళ్లను పట్టేస్తుంది గాని కిందికి దిగినదంతా బియ్యమని హామీ ఇవ్వదు. అందుకే రెండో పరీక్ష గుణాలను చూస్తుంది. 7:4 పాళ్లలో కలిపిన పొడి మీద అయస్కాంతం పెడితే ఇనుము లేచి వస్తుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే హైడ్రోజన్ వస్తుంది, దానికి వాసన ఉండదు. అదే పొడిని పరీక్షనాళికలో ఒక మూల ఎర్రబడేదాకా వేడి చేస్తే, మంట తీసేసిన తరువాత కూడా ఆ ఎరుపు తనంతట తానే పొడి అంతటా పాకుతుంది. మిగిలిన నల్లటి ముద్దను అయస్కాంతం ముందటిలా ఏరుకోలేదు. ఆమ్లం పోస్తే కుళ్లిన గుడ్ల వాసనతో హైడ్రోజన్ సల్ఫైడు వస్తుంది. అది విషవాయువు కనుక పిల్లల చేత చేయించేటప్పుడు చిటికెడుతోనే, కిటికీ తలుపులు తెరిచి చేయించాలి.

రెండోదానికి జవాబు 1860 ప్రాంతంలో ఇంగ్లండులో రాస్కో ఇచ్చాడు. మరిగించే పాత్రలోని పీడనాన్ని మార్చి చూస్తే, ఆమ్లం నిలిచే పాళ్లు కూడా మారాయి. 20.2 శాతం అన్నది మామూలు వాతావరణ పీడనానికి చెందిన అంకె. సమ్మేళనమైతే పీడనం మారినప్పుడు మరిగే ఉష్ణోగ్రత మారుతుంది గాని పాళ్లు మారవు. కొండ మీద మరిగే నీటిలో హైడ్రోజన్ తగ్గిపోదు కదా. స్పిరిటుది కూడా అదే కథ.

మూడోదానికి నిజాయితీగా చెప్పవలసినది, పాఠ్యపుస్తకపు గీత అక్కడ పలచబడుతుందని. ఐరన్ మోనాక్సైడులో స్ఫటికపు కూర్పు ఒకటే. అందులో ఇనుము ఉండవలసిన చోట్లలో కొన్ని ఖాళీగా ఉంటాయి, ఆ లోటును భర్తీ చేయడానికి కొన్ని ఇనుప అయాన్లు ఎక్కువ ఆవేశాన్ని మోస్తాయి. దాన్ని భౌతికంగా ఏరి వేరు చేయలేం, ఇనుము గుణంగాని ఆక్సిజన్ గుణంగాని అందులో కనిపించదు. కనుక సమ్మేళనమే అంటాం. ఇటువంటి వాటికి రష్యా శాస్త్రవేత్త కుర్నాకోవ్ బెర్తొలే పేరే పెట్టాడు. ఓడిపోయాడనుకున్న బెర్తొలేకు ఆ మేరకు గౌరవం దక్కింది.

పిడుగురాళ్ల బట్టీ

సున్నపు బట్టీ వాళ్లం మేము. మాకు ఈ స్థిరమైన పాళ్ల సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల పొడిసున్నం, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు. బట్టీని ఎంత మండించినా 56 కన్నా తగ్గించలేం.

తమాషా ఏమిటంటే, నాసిరకం రాయి కాలిస్తే చేతికొచ్చే సరుకు బరువు పెరుగుతుంది. రాయిలో పదో వంతు ఇసుక, మట్టి ఉన్నాయనుకుందాం. 90 కిలోల సున్నపురాయి నుంచి 50.4 కిలోల సున్నం వస్తుంది, కాలని ఆ 10 కిలోల మట్టి అలాగే ఉండిపోతుంది, వెరసి 60.4. కొత్తగా వ్యాపారంలోకి వచ్చినవాళ్లు బరువు బాగా వచ్చిందని సంబరపడతారు. నీళ్లు చల్లితే తెలుస్తుంది. మంచి సున్నం బుసబుసమని కాగి పిండిలా విచ్చుకుంటుంది, రెండోది బెడ్డలు మిగులుస్తుంది. నీళ్లు చల్లితే అంత వేడి పుట్టడం కూడా సమ్మేళనం తయారైనట్టు గుర్తే కదా?

లాం విద్యార్థిని (గుంటూరు)

బట్టీ వారూ, సున్నం విషయంలో మీరన్నది నిజం, అక్కడ కాల్షియం హైడ్రాక్సైడు అనే కొత్త సమ్మేళనం పుడుతోంది. కానీ వేడిని ఒక్కదాన్నే గుర్తుగా పెట్టుకుంటే మోసపోతాం. యూరియాను నీటిలో కలిపితే డబ్బా చల్లబడి చేతికి తగులుతుంది. అక్కడ కొత్త పదార్థమేమీ పుట్టలేదు, నీటిని ఆవిరి చేస్తే యూరియా తిరిగి వస్తుంది. తిరిగి వస్తుందా, రాదా అన్నది మంచి పరీక్ష.

దీనికి మన పొలాల్లో సరిపోయే ఉదాహరణ బోర్డో మిశ్రమం. 1 శాతం మందుకు కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు), కిలో సున్నం, 100 లీటర్ల నీరు. ద్రాక్ష తోటల్లో బూజు తెగులుకు దీన్ని 1885లో ఫ్రాన్సులో మిల్లార్డే వెలుగులోకి తెచ్చాడు. మైలుతుత్తం ద్రావణాన్ని సున్నపు నీటిలో పోయగానే నీలం రంగు మారి, లేత ఆకాశపు రంగులో చిక్కటి ద్రవం తయారవుతుంది. దాన్ని గుడ్డలో వడగడితే నీలపు ముద్ద గుడ్డ మీద ఆగుతుంది, కిందికి దిగిన నీటిలో రాగి దాదాపు ఉండదు. ఎంత ఆరబెట్టినా మైలుతుత్తం పలుకులు తిరిగి రావు. రాగికి చెందిన క్షార సల్ఫేట్లు, జిప్సమ్ (కాల్షియం సల్ఫేటు) అక్కడ కొత్తగా పుట్టాయి. అలాగని డ్రమ్ములో ఉన్నదంతా ఒక సమ్మేళనమూ కాదు, మిగిలిన సున్నం, నీరు, తేలుతున్న ముద్ద అన్నీ కలిసిన అవలంబనం అది.

ప్రత్తిపాడు మిర్చి

అమ్మా, దానికి మేము చేసే పరీక్ష కూడా చెప్పు. తయారైన మందులో కొడవలి కొన ముంచి కాసేపు ఉంచుతాం. తీసి చూస్తే ఇనుము మీద ఎర్రటి పూత పట్టి ఉంటే సున్నం చాలలేదని అర్థం, ఇంకాస్త సున్నపు నీరు పోస్తాం. లేకపోతే ఆకులు మాడిపోతాయి. అందుకే ఇనుప డ్రమ్ములో కలపం, ప్లాస్టిక్ డ్రమ్ములోనే కలుపుతాం.

లాం విద్యార్థిని (గుంటూరు)

అవునండీ. సున్నంతో కలవకుండా మిగిలిన మైలుతుత్తం ఉంటే అందులోని రాగి ఇనుము మీదికి చేరి, ఇనుము ద్రావణంలోకి దిగుతుంది. మీ కొడవలి మీది ఎర్రటి పూత అసలైన రాగే.

మైలుతుత్తం గురించి ఇంకొక మాట. దాని నీలపు పలుకులో బరువు ప్రకారం 36 శాతం నీరే. పొడిగా కనిపించే పలుకులో అంత నీరు ఉందంటే తడి మిశ్రమమని అనుకోకూడదు. ఒక్కొక్క కాపర్ సల్ఫేటుకు అయిదు నీటి అణువులు లెక్కగా కట్టుబడి ఉన్నాయి. పెనం మీద వేయిస్తే ఆ నీరు పోయి తెల్లబడుతుంది, నాలుగు చుక్కలు నీళ్లు పోస్తే మళ్లీ నీలం వస్తుంది.

సందేహాలరావు (బెజవాడ)

అయితే కొట్టులో కూర్చుని యూరియా సంచిలో సూపరు (సూపర్ ఫాస్ఫేటు) కలిపినా అది వట్టి కలుపుడే అనుకోవాలా? రైతులు అలా కలపవద్దంటారు కదా.

బందరురోడ్డు లెక్చరర్ (విజయవాడ)

వద్దనేది అందుకే, అక్కడ కలుపుడు కలుపుడుగా ఆగదు. సూపర్ ఫాస్ఫేటులోని మోనో కాల్షియం ఫాస్ఫేటు తన స్ఫటికంలో ఒక నీటి అణువును కట్టి ఉంచుకుంటుంది. యూరియా వచ్చి ఆ స్థానంలో చేరి నీటిని బయటికి నెడుతుంది. బయట నుంచి చుక్క నీరు పడకపోయినా సంచి చెమ్మగిల్లి ముద్ద కడుతుంది. డీఏపీలో సున్నం కలిపితే అమ్మోనియా ఘాటుగా పోతుంది, నత్రజని గాలిపాలు. డ్రిప్పు ట్యాంకులో 12-61-0తో కాల్షియం నైట్రేటు కలిపితే కరగని కాల్షియం ఫాస్ఫేటు తెల్లగా దిగి గొట్టాల రంధ్రాలు మూసుకుపోతాయి.

సూపరే ఈ చర్చకు ఇంకో రకంగా పనికొస్తుంది. 1842లో ఇంగ్లండులో లాస్ పేటెంటు తీసుకున్న నాటి నుంచి దాన్ని రాతి ఫాస్ఫేటు మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసే చేస్తున్నారు. చర్యలో మోనో కాల్షియం ఫాస్ఫేటు, కాల్షియం సల్ఫేటు ఒకేసారి, సమీకరణం చెప్పిన పాళ్లలోనే పుడతాయి. అయినా సూపరు మిశ్రమమే. నీటితో కడిగితే మొదటిది కరిగిపోతుంది, జిప్సమ్ చాలావరకు అడుగున ఉండిపోతుంది. చర్య వల్ల పుట్టినదంతా ఒకే సమ్మేళనం కానక్కరలేదనడానికి ఇంతకన్న మంచి బస్తా మీ కొట్టులో దొరకదు.

నిర్వాహకులు

ఏ ఎరువు ఎంత వేయాలన్న ప్రశ్నలు కొన్ని వచ్చాయి. వాటిని వ్యవసాయ విభాగానికి మార్చాము. ఇక్కడ పదార్థం స్వభావం వరకే మాట్లాడవలసిందిగా మనవి.

లాం విద్యార్థిని (గుంటూరు)

మాస్టారూ, మీ లెక్కకు లొంగని సంచి ఒకటి నాకు దొరికింది. కాల్షియం నైట్రేటు సంచి మీద నత్రజని 15.5 అని ఉంది. నీరు లేని కాల్షియం నైట్రేటు భారం 164, నత్రజని 28, అంటే 17.1 శాతం. ప్రయోగశాలలో దొరికే పలుకులో నాలుగు నీటి అణువులు ఉంటాయి, భారం 236, అంటే 11.9 శాతం. 15.5 ఈ రెండింటికీ మధ్యలో పడింది. అది నీరు సగం పట్టిన మిశ్రమమా?

అరండల్‌పేట మాస్టారు (గుంటూరు)

శభాష్ అమ్మా, మంచి సంచి పట్టావు. పేరు కాల్షియం నైట్రేటే గాని లోపల ఉన్నది జంట లవణం. అయిదు కాల్షియం నైట్రేట్లు, ఒక అమ్మోనియం నైట్రేటు, పది నీటి అణువులు కలిసి ఒకే స్ఫటికంగా కూడతాయి. భారం కూడు: 820, 80, 180 కలిపితే 1080. నత్రజని పరమాణువులు 12, వాటి భారం 168. ఇప్పుడు భాగిస్తే 15.56. కనుక ఆ సంచి కూడా లెక్కకు లొంగింది, లోపలి పదార్థం ఏదో మనం సరిగా అడగాలి అంతే. నీళ్ల కుండలో తిప్పే మన పటిక కూడా ఈ కుటుంబానిదే, పొటాషియం, అల్యూమినియం సల్ఫేట్లు పన్నెండు నీటి అణువులతో కూడిన జంట లవణం.

లెక్చరర్ గారు చెప్పినట్టు అంకె కుదిరితే సరిపోదు, గుణం కూడా సాక్ష్యం చెప్పాలి. అందులో అమ్మోనియం నిజంగా ఉంటే సున్నం తగిలినప్పుడు అమ్మోనియా రావాలి. పట్నంబజారు వారూ, కొట్టులో మూడూ ఉంటాయి కనుక మీరే చూడండి. డీఏపీ, కాల్షియం నైట్రేటు, 13-0-45, మూడింటిని చిటికెడు చొప్పున వేర్వేరు గాజు గిన్నెల్లో వేసి, తాంబూలపు సున్నం కొద్దిగా, నీటి చుక్కలు రెండు వేసి కలపండి. ముక్కు దగ్గరగా పెట్టకుండా, చేత్తో విసిరి వాసన చూడండి. మూడోదానిలో అమ్మోనియం లేదు, వాసన రాకూడదు.

పట్నంబజారు ఎరువులు (గుంటూరు)

చేశాము మాస్టారూ. డీఏపీ గిన్నెకు కళ్లు మండాయి. కాల్షియం నైట్రేటుకు అంత ఘాటు లేదు గాని అమ్మోనియా వాసన స్పష్టంగా తెలిసింది, మా గుమాస్తా కూడా ఏ గిన్నె ఏదో చెప్పకుండానే గుర్తుపట్టాడు. 13-0-45కు సున్నం వాసన తప్ప ఏమీ రాలేదు.